ఇనుప నేలలో ఇనుము కరువు



తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. చెట్ల కింద సద్దిమూటలు, చంకన పిల్లలు, అందరి చూపూ నేల మీదే. వజ్రం దొరికినవాడి సంగతి మర్నాడు పేపర్లో పడుతుంది. దొరకనివాళ్ల గురించి ఎవరూ రాయరు. నేనివాళ వజ్రం గురించి చెప్పబోవడం లేదు. వజ్రమంటే ఒట్టి కర్బనం, బొగ్గులో ఉన్నదే. ఆ జనం కాళ్లకు అంటుకుని ఇంటిదాకా వచ్చే ఎర్రమన్ను ఉంది చూశారా, దాంట్లో ఉన్న లోహం గురించీ, దాని తోడబుట్టిన లోహాల గురించీ కాసేపు మాట్లాడుకుందాం.

ఆ ఎరుపు ఇనుముది. ఇనుమూ గాలిలోని ఆక్సిజనూ కలిసి ఏర్పడిన ఆక్సైడు రంగు అది. గండికోట లోయలో పెన్నకు రెండు ఒడ్లనా నిలబడ్డ బండల ఎరుపూ, రామళ్లకోట, వెల్దుర్తి గుట్టల్లోని ఇనుపరాయి ఎరుపూ ఇదే సరుకు. మన్నులో ఇనుము నూటికి రెండు పాళ్లే ఉందనుకుందాం. ఎకరం పొలంలో జానెడు లోతు మట్టి తీసుకున్నా అందులో ఇనుము ఇరవై టన్నులకు తక్కువుండదు. పంటకు కావలసింది మహా అయితే కిలో రెండు కిలోలు. ఇంత ఉండీ మన వేరుశనగ, అదే మన కర్నూలు వైపు బుడ్డల చేను, కొన్ని పొలాల్లో ఇనుము లేక పాలిపోతుంది. లేత ఆకులు ముందు పసుపుగా మారతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ముదిరితే ఆకు తెల్లబడుతుంది. ఇనుము చాలక పాలిపోయేది చేనొక్కటే కాదు. మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇనుము మీద నిలబడి ఇనుముకు మొహం వాచడం ఏమిటన్నదే ఇవాళ నా ప్రశ్న.

జవాబు ఇనుము పుట్టిన కుటుంబంలో ఉంది. ఆవర్తన పట్టిక మీరు బడిలో చూసే ఉంటారు. ఎడమవైపు సోడియం, కాల్షియం లాంటివి. కుడివైపు గంధకం, క్లోరిన్ లాంటివి. నడుమ వెడల్పుగా పరుచుకున్న భాగాన్ని పరివర్తన లోహాలంటారు. టైటానియం, క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి పై వరుస. వాటి కింద వెండి, పెలాడియం. ఇంకా కింద టంగ్‌స్టన్, ప్లాటినం, బంగారం. మనిషి నాగరికతలో బరువు మోసినవన్నీ దాదాపు ఇక్కడివే.

వీటి ప్రత్యేకత ఎలక్ట్రాన్లలో ఉంది. సోడియం దగ్గర ఇవ్వడానికి ఒక్కటే ఎలక్ట్రాను, జేబులో ఒక్క రూపాయి ఉన్నవాడిలాగా. అది ఇచ్చేస్తే అయిపోయింది. ఇనుముకు జేబులో రెండున్నాయి, లోపల ట్రంకుపెట్టెలో ఇంకొన్ని ఉన్నాయి. అందుకని అవసరాన్ని బట్టి ఒకచోట రెండిస్తుంది, ఒకచోట మూడిస్తుంది. మాంగనీసు ఏడు దాకా పోతుంది. రెండిచ్చిన ఇనుమును ఫెర్రస్ అనీ, మూడిచ్చిన ఇనుమును ఫెర్రిక్ అనీ అంటారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, చివరిదాకా వీటితోనే పని.

ఫెర్రస్ ఇనుము నీళ్లలో కరుగుతుంది. ఫెర్రిక్ ఇనుము మామూలు నీళ్లలో కరగదు, తుప్పుగా కూర్చుంటుంది. దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. కొన్ని ఊళ్లలో బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉంటాయి, బిందెలో ఓ పూట నిలిస్తే ఎర్రటి గార అడుగున పేరుకుంటుంది, తెల్లగుడ్డ ఉతికితే మరక పడుతుంది. భూమి లోతుల్లో గాలి లేదు కనుక అక్కడ ఇనుము ఫెర్రస్‌గా కరిగి ఉంది. పైకొచ్చి గాలి సోకగానే ఫెర్రిక్ అయి పేరుకుపోయింది. దీనికి తలకిందులైన పని కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరిమడిలో జరుగుతుంది. మడిలో నీళ్లు నిలిచాక మట్టికి గాలి అందదు, అక్కడి సూక్ష్మజీవులు ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చేస్తాయి, ఇనుము కరిగి వేరుకు అందుతుంది. అందుకే నీళ్లు నిలిచే మాగాణిలో వరికి ఇనుప కరువు పెద్దగా రాదు. మెట్టలో వేసే బుడ్డలకు ఆ అదృష్టం లేదు.

అందులోనూ మన నేలల్లో ఇంకో చిక్కుంది, సున్నం. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతమంతా సున్నపురాయి పరిచిన నేల. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరలకు నార్జి, కోయిలకుంట్ల అని మన ఊళ్ల పేర్లే పెట్టారు. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వరస కట్టింది అందుకే. సున్నం పాలు హెచ్చిన మట్టిలో క్షారగుణం పెరుగుతుంది, క్షారం పెరిగేకొద్దీ ఇనుము మరింత బిగుసుకుంటుంది. టన్నులకొద్దీ ఉన్నా వేరు నోటికి అందదు. మట్టిలో ఇంకో బస్తా ఇనుము ఉప్పు చల్లినా అదీ నాలుగు రోజుల్లో తుప్పయి కూర్చుంటుంది. కాబట్టి నేలను వదిలేసి ఆకు మీద కొట్టాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే మోతాదు ఎకరానికి కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు, 200 లీటర్ల నీళ్లు. వారం ఎడంతో రెండుసార్లు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు, కరిగే రూపంలో ఉన్న ఇనుము. నిమ్మ ఉప్పు దేనికంటారా? అన్నభేది కలిపిన డ్రమ్మును ఒక రాత్రి అలాగే వదిలేసి చూడండి, తెల్లారేసరికి నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయిపోయిందన్నమాట. ఇక అది కొట్టినా ఒకటే, కొట్టకున్నా ఒకటే. నిమ్మ ఉప్పు ఆ ఇనుమును పట్టుకుని తుప్పు కానీయదు. కొందరు దీన్ని ఖర్చు కింద లెక్కేసి మానేస్తారు. మానేస్తే అన్నభేదికి పెట్టిన డబ్బూ దండగే. కలిపిన పూటే కొట్టేయాలి.

ఎరువుల అంగడికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మూడు పొట్లాలు పక్కపక్కన పెట్టించి చూడండి. అన్నభేది లేతాకుపచ్చ. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, నెమలిమెడ నీలం. జింకు సల్ఫేటు తెలుపు. మూడూ సల్ఫేట్లే అయినా రంగులు వేరు. ఇనుములో, రాగిలో ఆ లోపలి పెట్టె పూర్తిగా నిండి ఉండదు కాబట్టి అందులోని ఎలక్ట్రాన్లు వెలుగులో కొంత భాగాన్ని తాగేసి మిగిలింది మనకు చూపిస్తాయి. జింకుకు లోపలి పెట్టె నిండిపోయి మూత పడింది. వెలుతురును తాకదు, అందుకే తెలుపు. ఈ కారణంతోనే పట్టింపుగల శాస్త్రజ్ఞులు జింకును పరివర్తన లోహాల్లో చేర్చుకోరు, పొరుగింటివాడిగా చూస్తారు. వరికి మాత్రం ఆ తేడా పట్టదు, జింకు లేకపోతే తుప్పు మచ్చలు పడి గిడసబారుతుంది. భాస్వరం ఎరువుతో జింకు సల్ఫేటును కలిపి చల్లొద్దని చెప్పడం కూడా ఇలాంటి సంగతే, రెండూ కలిస్తే కరగని ఉప్పుగా గడ్డకట్టి రెండూ పంటకు కాకుండా పోతాయి.

మైలుతుత్తం దగ్గర కాస్త ఆగుదాం. కడప జిల్లా చెన్నూరు తమలపాకు తోటల్లో, రైల్వేకోడూరు వైపు పండ్లతోటల్లో బోర్డో మిశ్రమం తెలియనివాళ్లుండరు. ఫ్రాన్సులో బోర్డో అనే ఊరి ద్రాక్షతోటల్లో 1885 ప్రాంతంలో మిల్లార్డే అనే శాస్త్రవేత్త బయటపెట్టిన మందది. నూటికి ఒక పాలు మిశ్రమమంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది, కానీ ఒట్టి మైలుతుత్తం కొడితే ఆకు కూడా మాడిపోతుంది. సున్నం ఆ రాగిని కరగని పొరగా ఆకు మీద పరుస్తుంది, మంచుకూ వానకూ కొద్దికొద్దిగా మాత్రమే రాగి విడుదలవుతుంది. బుడ్డల చేలో శత్రువైన సున్నం ఇక్కడ కాపలాదారు. లోహం కరగాలా, బిగుసుకోవాలా అన్నది పని చెప్పాలి.

ఈ మిశ్రమానికి ఇనుప డ్రమ్ము వాడొద్దంటారు. మైలుతుత్తం నీళ్లలో ఇనుము పడితే రాగి బయటికొచ్చి ఇనుము మీద పేరుకుంటుంది, ఇనుము కరిగిపోతుంది. డ్రమ్ముకు చేటు, మందుకూ చేటు. అయితే ఈ గుణాన్నే పాత రైతులు పరీక్షగా వాడారు. మిశ్రమం తయారయ్యాక శుభ్రంగా తోమిన చాకు మొన ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం సున్నపు తేట పోయాలి. పూత లేకపోతే మందు సిద్ధం. పైసా ఖర్చు లేని ఇంత మంచి పరీక్ష రసాయన శాస్త్రంలో తక్కువ.

రాగికి ఇనుమంత కోపం లేదు, గాలికి తుప్పట్టి పొడిపొడిగా రాలిపోదు. పైన ఒక పొర కట్టుకుని కింద లోహాన్ని కాపాడుకుంటుంది. మెత్తన కాబట్టి ఉలికి లొంగుతుంది, చెక్కిన గీత శతాబ్దాలు నిలుస్తుంది. దీనికి రాజంపేట దగ్గరి తాళ్లపాక కవుల రాగిరేకుల కంటే గొప్ప సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? అన్నమాచార్యులు 1503లో కన్నుమూశాక ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు తండ్రి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని రాతి అరలో భద్రపరిచాడు. రెండు వేలకు పైగా రేకులు. ఆ తర్వాత వాటిని లోకం దాదాపు మరిచిపోయింది. 1816లో అచ్చయిన క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణంలో తిరుపతి రాగిరేకుల ప్రస్తావన వచ్చినా పట్టించుకున్నవారు లేరు. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, మన అనంతపురం సీమకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితుల పుణ్యాన అవి మళ్లీ చదువరుల దగ్గరికీ గాయకుల దగ్గరికీ వచ్చాయి. తాటాకుల మీదే రాసి ఊరుకుని ఉంటే ఎన్ని మిగిలేవో. ఇనుప రేకుల మీద చెక్కి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

రాగి మన నేలలోనూ ఉంది. గడివేముల మండలంలో గని అనే ఊరి దగ్గర పూర్వులు రాగిరాయి తవ్విన పాత గుంతలున్నాయి. అదే గని, శకునాల గ్రామాల పరిధిలో 2017 నాటికి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. ఆ పలకల మీద సన్నని గీతలు కనిపిస్తాయే, అవి వెండివి. ఆ కరెంటును మోసే తీగల్లో రాగి. విద్యుత్తును మోయడంలో లోహాలన్నిటిలోకీ వెండి మొదటిది, రాగి రెండోది, బంగారం మూడోది. ముగ్గురూ పట్టికలో ఒకే నిలువు వరుస. పూర్వం రాగి తవ్విన ఊరికి ఇప్పుడు రాగి తీగలు బయటినుంచి వచ్చాయన్నమాట.

బంగారం మాట వచ్చింది కాబట్టి జొన్నగిరి. మౌర్యుల సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దాపునే ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. బంగారం గాలికీ నీటికీ చలించదు, రాతిలో లోహంగానే ఉంటుంది, కానీ టన్ను రాయి పిండి చేస్తే వచ్చేది గ్రాముల్లోనే. అంత తక్కువను రాతిలోంచి విడదీయడానికి బంగారు గనుల్లో మామూలుగా వాడేది సయనైడు ద్రావణం. దేనికీ లొంగని బంగారం సయనైడుతో చేయి కలిపి నీళ్లలోకి దిగివస్తుంది. ఇలా ఇతర అణువులను చుట్టూ చేర్చుకుని కొత్త రూపం కట్టడం ఈ కుటుంబమంతటికీ ఉన్న గుణమే. ఇందాక నిమ్మ ఉప్పు ఇనుమును పట్టుకుందని చెప్పానే, అదీ ఇలాంటి జతే.

ఇక గట్టిదనం. సినిమావాళ్లకు కర్నూలంటే కొండారెడ్డి బురుజూ వేటకొడవళ్లూ. మన కొలిమిలో కమ్మరి జీవితమంతా కొట్టింది ఎక్కువగా కర్రులూ, గుంటక పాసలూ, గడ్డపారలూ. ఒట్టి ఇనుము మెత్తన. అందులో నూటికి ఒక పాలు కూడా లేని కర్బనం ఇనుము పరమాణువుల సందుల్లో దూరి కూర్చుంటే ఉక్కవుతుంది. ఎర్రగా కాల్చి చటుక్కున నీళ్లలో ముంచితే ఆ కర్బనానికి బయటికి వచ్చే వ్యవధి ఉండదు, లోపలే ఇరుక్కుని లోహాన్ని బిగదీస్తుంది. నెమ్మదిగా ఆరనిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇనుము అదే, కర్బనం అదే, చల్లార్చే తీరులోనే కర్రు మొన గట్టిదనం. ఉక్కుకు క్రోమియం తోడైతే స్టీలు గిన్నె. ఉక్కు అన్నాక, కడప జిల్లాకు అనుకున్న ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఒక్కమాట చెప్పి ముందుకు పోతాను. జమ్మలమడుగు ప్రాంతంలో దానికి 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. ఇనుపరాయి కంటే పునాదిరాళ్లు ఎక్కువ చూసిన నేల అది.

ఈ కుటుంబానికి ఇంకో గుణమూ ఉంది. కర్నూలు పక్కన గొందిపర్లలో ఆల్కలీస్ ఫ్యాక్టరీ ఉంది కదా. అక్కడ ఉప్పునీళ్లలో కరెంటు పారించి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తారు, ఆముదం నుంచి గట్టి మైనం లాంటి సరుకు చేస్తారు. క్లోరిన్‌కు తట్టుకునేందుకు ఈ రకం పరిశ్రమలో టైటానియం పలకల మీద రుథీనియం ఆక్సైడు పూత వేసి వాడతారు. ద్రవంగా ఉన్న ఆముదాన్ని గట్టిపరచడానికి హైడ్రోజన్ పట్టించాలి, ఆ పెళ్లి జరిపించేది నికెలు పొడి. తాము ఖర్చు కాకుండా పని జరిపించే ఇలాంటి వాటిని ఉత్ప్రేరకాలంటారు, వాటిలో చాలావి ఈ కుటుంబం నుంచే వచ్చాయి.

ఇప్పుడు మన ఒంట్లోకి వద్దాం. మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు, మహా అయితే ఒక చిన్న మేకు అంత. అందులో ఎక్కువ భాగం రక్తంలో ఉంది. ఒక్కో హీమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము పరమాణువులు, ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను పట్టుకుని, కావలసిన చోట వదిలిపెడతాయి. ఆ పని ఫెర్రస్ రూపంలో ఉన్నంతసేపే. నైట్రేటు ఎక్కువున్న బావినీళ్లతో పసిపిల్లలకు డబ్బాపాలు కలిపి పడితే రక్తంలో ఇనుము ఫెర్రిక్ అవుతుంది, ఆక్సిజన్ మోయలేదు, బిడ్డ నీలంగా మారుతుంది. ఎరువులు విపరీతంగా వేసే పొలాల పక్క బావుల విషయంలో అందుకే జాగ్రత్త పడాలి.

పేగుల్లో కూడా ఇదే లెక్క. ఆకుకూరల్లో, కొర్రల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఎక్కువగా ఫెర్రిక్. పేగు లోపలికి రానిచ్చేది ఫెర్రస్‌ను. ఫెర్రిక్‌ను ఫెర్రస్ చేయడానికి నిమ్మలోని సి విటమిన్ సాయపడుతుంది. చేలో నిమ్మ ఉప్పు ఇనుమును కరిగించి ఉంచినట్టే ఇక్కడ నిమ్మకాయ పనికొస్తుంది. టీలోని వగరు దీనికి అడ్డం. అది ఇనుమును పట్టుకుని కరగనీయకుండా బయటికి పంపేస్తుంది. సంకటి తిని వెంటనే గ్లాసుడు టీ తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. తిన్న తోటకూరలో ఇనుము చాలా భాగం ఆ గ్లాసులో పోయినట్టే. ఇనుప మూకుట్లో పుల్లగూర వండుకుంటే ఆ పులుపుకు మూకుడులోని ఇనుమూ కొంత కరిగి కూరలోకి వస్తుంది, మంచిదే. అదే పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెడితే చిలుము దిగుతుంది, అది తినకూడదు. రాగి ఒంటికి రవ్వంత కావాలి, హెచ్చితే విషం.

ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఇనుము ఫెర్రస్ సల్ఫేటే, చేలో కొట్టే అన్నభేదిలో ఉన్నదే. అలాగని అంగడి అన్నభేదిని ఎవరూ నోట పెట్టొద్దు, అందులో మలినాలుంటాయి. మాత్ర వేసుకుంటే మలం నల్లబడుతుంది, కొందరికి కడుపు వికారంగా ఉంటుంది. దాన్ని చూసి భయపడి మాత్రలు బీరువాలో పడేసేవాళ్లున్నారు. నల్లబడటం ఒంటికి పట్టక మిగిలిన ఇనుము వల్లే, ప్రమాదం లేదు. వికారం మరీ ఎక్కువైతే భోంచేశాక వేసుకోండి.

అమ్మలారా, అక్కయ్యలారా, మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు ముందూ వెనుకా గంటసేపు వద్దు. క్యాల్షియం మాత్ర కూడా ఇస్తే రెండూ ఒకే పూట మింగకండి, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. ఆరు నెలలు మానకుండా వాడాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఎర్రమాత్రలు వాళ్లకు అందని చోట పెట్టండి, తీపి బిళ్లలనుకుని గుప్పెడు మింగితే ప్రాణానికే ముప్పు.